ఏడో మైకు, సోమవారం తెల్లారగట్ల

రామచంద్రపురంలో ఒక కొబ్బరికాయల గోడౌను మేడ మీద గదిలో గోదావరి ఉంటుంది. గౌతమి పాయ వెంబడి, కోటిపల్లి రేవు నుంచి యానాం దాకా, నదిలోని జీవాల చప్పుళ్ళు వినే ఒక ప్రాజెక్టు వాళ్ళు నీటి అడుగున పన్నెండు మైకులు కట్టారు. అవి పగలూ రాత్రీ విన్నదంతా ఆ గదిలోని పద్నాలుగు కంప్యూటర్లలోకి వచ్చి చేరుతుంది. రొయ్యల చిటపటలు, ఇసుక దొర్లే చప్పుడు, దూరాన ఇంజను గొణుగుడు, వాన పడ్డ రోజు పైన ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు ఒక సవ్వడి.

ఆ కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండే మనిషి వీరవేణి. ముప్పై అయిదేళ్ళుంటాయి. యానాం దగ్గర పల్లెలో చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. ఇంటర్ మధ్యలో ఆపేసి జిరాక్సు షాపులో చేరింది. అక్కడ కంప్యూటరు మొరాయిస్తే బాగుచేసే మనిషి కాకినాడ నుంచి రావడానికి మూడు రోజులు పట్టేది. మూడోసారి మొరాయించినప్పుడు తనే స్క్రూలు విప్పింది. ఆ తర్వాత ఆ మనిషిని పిలిచే పని రాలేదు. పెళ్ళయి కోటిపల్లి వచ్చింది. భర్త దొరబాబు మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ అవతలి గట్టుకి దాటించే పంటు మీద పనిచేస్తాడు. కూతురు సాయిదుర్గ నాలుగో తరగతి.

వీరవేణికి డిగ్రీ లేదు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన నోటు పుస్తకం ఉంది. నేర్చుకున్న కమాండు ప్రతిదీ అందులో రాసుకుంది. ఇప్పటికీ ఏదైనా పెద్ద కమాండు కొట్టాలంటే ముందు పెన్సిలుతో పుస్తకంలో రాసి, వేలు పెట్టి చదువుకుని, అప్పుడు కీబోర్డు మీద చెయ్యి వేస్తుంది. ఏదైనా చెరిపేయాలంటే ముందు ఆ చెరిగిపోబోయేవాటి జాబితా తెర మీదకి తెచ్చి చదువుతుంది. ఇది ఎవరూ నేర్పలేదు. వల నీళ్ళలో వేసే ముందు ఒక్కో కన్నూ వేలితో తడిమి చూసుకునే తండ్రి సత్తియ్య పక్కన కూర్చుని పెరిగింది, అంతే.

ఆ గదిలో ఏ ఫైలూ ఒక్కచోట ఉండదు. ఒక గంట చప్పుడు ఒక ఫైలు. అది లోపలికి వెళ్తూనే ఆరు ముక్కలవుతుంది. ముక్కకి మూడు కాపీలు, ఒక్కో కాపీ ఒక్కో మిషన్లో. ఏ ముక్క ఎక్కడుందో ఒకే ఒక్క మిషనుకి తెలుసు. వీరవేణి పుస్తకంలో దాన్ని ‘పేర్ల మిషను’ అని రాసుకుంది. అది ఒక్క చప్పుడు కూడా తన దగ్గర దాచుకోదు, పేర్లూ చోట్లూ గుర్తు పెట్టుకుంటుంది. అది పోయిందంటే గోదావరి మొత్తం ఆ గదిలోనే ఉంటుంది గానీ ఎవరికీ దొరకదు.

మధ్యాహ్నం కింద గోడౌనులో కాయలు వొలిచే చప్పుడు ఆగిపోయాక, ఫ్యాన్ల హోరు పడవ అడుగున చెవి పెట్టి పడుకున్నప్పటి హోరులా వినిపిస్తుంది. ఆ వేళప్పుడు ఫైండ్ అని కొట్టి, వెతకాల్సిన పేరు ఇచ్చి, ఎంటర్ నొక్కడం ఆమెకి ఇష్టం. కాసేపు నల్ల తెర మీద ఏమీ ఉండదు. తర్వాత పేర్లు ఒక్కొక్కటే పైకి తేలతాయి. మసక వెలుతురులో వల లాగుతుంటే ముందు తాడు, తర్వాత బెండ్లు, ఆ తర్వాత ఎక్కడో తెల్లగా ఏదో మెదలడం చిన్నప్పుడు చూసింది. అలాగే ఉంటుంది.

సత్తియ్యకి డెబ్బై ఒకటి. అతని చెవి సంగతి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. తెడ్డు నిలువుగా నీళ్ళలోకి దించి, పిడికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. గొరకలనే చేపలు నీటి అడుగున కప్పల్లా అరుస్తాయి. ఎంత లోతున, ఎటు పోతున్నాయో, మందా లేక నాలుగైదా, సత్తియ్య చెప్పాకే వలలు దిగేవి. మైకులు కట్టిన కొత్తలో ప్రాజెక్టు వాళ్ళు ఇలాంటి నలుగురు పెద్దవాళ్ళని వెతికి పెట్టుకున్నారు. వాళ్ళు తెడ్డుతో విన్నది ఫోనులో చెబితే, యుగంధర్ అనే కుర్ర ఇంజనీరు కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఏ మైకు దగ్గర, ఏ రోజు, ఎన్నింటికి, ఏం విన్నారు. దాన్ని గుర్తు అంటారు.

కిందటి డిసెంబరులో సత్తియ్య ఫోను చేశాడు. విన్న రెండు రోజులకి గానీ ఫోనుకి ఛార్జింగు పెట్టించుకోలేకపోయాడు.

“బాబూ, ఏడో మైకు కాడ గొరకలొచ్చినయ్యి. పున్నమి మర్నాడు, సోమవారం తెల్లారగట్ల. పాటు నిలిచిపోయి పోటు అందుకునే వేళ. మంద బాబూ, మంద! పదేళ్ళయింది ఆ అరుపు విని.”

సముద్రం నీటిని లాక్కునే పాటు ఆగి, తిరిగి పైకి తోసే పోటు మొదలయ్యే ఆ కాసేపట్లో నది ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. వినడానికి అంతకన్నా మంచి వేళ లేదు. యుగంధర్ అదంతా విని, డిసెంబరు పదహారు, సోమవారం, ఉదయం నాలుగున్నర అని ఎక్కించాడు. పదేళ్ళ తర్వాత గొరకలు రావడం చిన్న విషయం కాదు గనక, నెలాఖరు మీటింగుకి సత్తియ్యనీ పిలిపించి, అందరి ముందూ ఆ ఫైలు పెట్టారు. రాజమహేంద్రవరం నుంచి ప్రాజెక్టు పెద్దాయన లోకనాథ్ గారు కూడా వచ్చారు. అరగంట విన్నారు. నీళ్ళు. ఇంకో అరగంట విన్నారు. నీళ్ళే.

“తాతగారికి చెవిలోంచే గోదారి పోతున్నట్టుందండి,” అన్నాడు యుగంధర్.

అందరూ నవ్వారు. సత్తియ్య కూడా నవ్వాడు. ఇంటికెళ్ళి తెడ్డు తీసి చూరులో దోపాడు. “అయిపోయిందే, చెవి,” అన్నాడు భార్య సూరమ్మతో. ఆ తర్వాత ఏటి మీదకి వెళ్ళలేదు. పక్క పడవల వాళ్ళు వచ్చి ఎటు వెయ్యమంటావు బాబాయ్ అని అడిగితే, మీకు తోచినట్టు వేసుకోండ్రా అనేవాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం వీరవేణి వెళ్తే, గుమ్మంలో కూర్చుని ఆమె వైపు చూడకుండా అన్నాడు.

“నేను విన్నది గొరకలో, నా చెవి హోరో, నాకే తెలవట్లేదమ్మా. ఇన్నాళ్ళూ విన్నదంతా కూడా అంతేనేమో.”

ఆ ఆఖరి మాట వీరవేణి గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

మార్చిలో పద్నాలుగు మిషన్లలో రెండు కాలిపోయాయి. మిగిలినవి నిండిపోయాయి. బుధవారం లోకనాథ్ గారు ఫోను చేసి, గుర్తు లేని ఫైళ్ళన్నీ శనివారం సాయంత్రం ఆరింటికి తీసేయమన్నారు. “కొత్త నీళ్ళకి చోటు కావాలి కదమ్మా,” అన్నారు. తప్పు పట్టే మాట కాదు. తీసేసే చెయ్యి మాత్రం వీరవేణిది. సత్తియ్య విన్నది నిజమైతే ఆ అరుపులు ఈ గదిలోనే ఏదో ఫైల్లో ఉండి ఉండాలి. శనివారం ఆరు దాటితే ఇక ఉన్నాయో లేదో ఎప్పటికీ తెలియదు.

మూడు రోజులు వెతికింది. ఈ పద్ధతిలో ఫైండ్ పేరుని బట్టే వెతుకుతుంది. తేదీ ఇస్తే వెతకదు. అదృష్టవశాత్తూ పేరులోనే మైకు నంబరూ తేదీ గంటా ఉంటాయి. ఏడో మైకు ఫోల్డరులో డిసెంబరు పదహారు పేర్లు పైకి తెచ్చింది. మూడు గంటల ఫైలు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. నీళ్ళు. తండ్రి వారం తప్పు చెప్పాడేమోనని ముందు సోమవారం విన్నది, తర్వాతి సోమవారం విన్నది. మైకు గడియారం విదేశీ టైములో ఉండిపోయిందేమోనని అయిదున్నర గంటలు వెనక్కీ ముందుకీ జరిపి విన్నది. నీళ్ళు, నీళ్ళు. శుక్రవారం సాయంత్రం బస్సులో కూర్చుంటే ద్రాక్షారామం దాటేదాకా చెవుల్లో ఇసుక దొర్లుతూనే ఉంది. పక్క సీటావిడ ఏదో అడిగితే నీటి అడుగునుంచి అడిగినట్టు వినపడింది.

శనివారం మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని కూర్చున్నారు వీరవేణీ, తబితా. తబిత పక్క గదిలో మైకుల బ్యాటరీలు ఛార్జింగు పెట్టే మనిషి, చేరి నెల కూడా కాలేదు. కబుర్లు చెప్పకుండా ఆమెకి ముద్ద దిగదు.

“ఏవండీ వేణిగారూ, చాన్నాళ్ళ నుంచి అడుగుదామనుకుంటున్నాను. మీ పాపకి సాయిదుర్గ అని పెట్టారు కదా. సాయిబాబా ఒక పక్క, దుర్గమ్మ ఒక పక్క. ఇద్దరికీ మొక్కుకున్నారేంటి?”

“మొక్కూ లేదు ఏం లేదండి. మా నాన్నా ఆసుపత్రీ దెబ్బలాడుకున్నారు.”

“ఆసుపత్రితోనా!”

“తెల్లారగట్ల మూడున్నరకి పుట్టిందది. ఆసుపత్రోళ్ళు శుక్రవారం అని రాసిచ్చారు. మా నాన్న ఒప్పుకుంటేనా? పొద్దు పొడవకుండా శుక్రవారం ఎలాగొచ్చేస్తాదీ, ఇంకా గురువారమే నడుస్తుంటే అని ఆ నర్సమ్మతో ఒకటే గొడవ. గురువారం పుట్టింది కాబట్టి సాయి అన్నాడు. మా అత్తగారేమో ఆ కాగితం పట్టుకుని, శుక్రవారం పిల్ల, దుర్గ అనాలంది. ఆఖరికి మా ఆయన రెండూ...”

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“రెండూ కలిపేసేరా? బానే ఉందండి, ఎవరికీ కోపం రాకుండా.” తబిత పెరుగు కలుపుకుంటూ తలెత్తి చూసింది. “ఏంటండి, పలకరు? మిరపకాయ్ కొరికేరా?”

వీరవేణి లేచి చెయ్యి కడుక్కుంది. సరిగ్గా తుడుచుకోను కూడా లేదు.

పొద్దు పొడిస్తేనే సత్తియ్యకి రోజు మారుతుంది. మిషనుకి అర్ధరాత్రే మారిపోతుంది. సోమవారం తెల్లారగట్ల అంటే, అతని లెక్కలో సోమవారం పగలూ రాత్రీ గడిచి, మంగళవారం పొద్దు ఇంకా పైకి రాని వేళ. తొమ్మిదేళ్ళుగా ఈ గొడవ చెప్పుకుని నవ్వుకుంటున్న తను, ఆ తండ్రి కూతురు, మూడు రోజులు సోమవారాలన్నీ విని మంగళవారం వైపు చూడనే లేదు.

పెన్సిలుతో పుస్తకంలో రాసింది. ఏడో మైకు, డిసెంబరు పదిహేడు. కమాండు కొట్టింది. తెర ఒక్క పేరు కూడా ఇవ్వకుండా తిరిగొచ్చింది.

ఆ రోజు ఫైళ్ళే లేవు. ఏడో మైకు ఫోల్డరులో పదహారు అయిపోయాక ఏకంగా పద్దెనిమిది. వీరవేణి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. చినిగిన వల దగ్గర తండ్రి ఏం చేసేవాడు? చిరుగు కనపడ్డచోట కుట్టేవాడు కాదు. మొదటి కన్ను దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి తడుముకుంటూ వచ్చేవాడు.

ఫోల్డరు పేరు తీసేసింది. అన్నిటికన్నా పైనుంచి, వేరు దగ్గర నుంచి వెతకమని కొట్టింది. తొమ్మిది లక్షల పేర్లు. తెర నల్లగా ఉండిపోయింది. కిందనుంచి ఎండు కొబ్బరి వాసన వస్తోంది. కిటికీలోంచి పడ్డ ఎండ నెమ్మదిగా మూడో మిషను మీదనుంచి నాలుగో మిషను మీదకి జరిగింది. ఆమె కళ్ళు సగం మూతపడ్డాయి. పేర్లు చేపల్లా పక్కనుంచి పోతున్నట్టు, తను కదలకుండా నిలబడితే కావాల్సింది వచ్చి కాలికి తగులుతుందన్నట్టు అనిపించింది.

తగిలింది. ఒక వరుస, వెంటనే ఇంకో మూడు, వాటి వెనక ఆ రోజువన్నీ. ‘తర్వాత చూద్దాం’ అనే ఫోల్డరులో. ఆ రోజు ఏడో మైకు మెమరీ కార్డు మార్చినప్పుడు ఎవరో అక్కడ పడేసి మర్చిపోయారు. పదిహేడు, నాలుగు గంటల ఫైలు. గుర్తు లేదు. సాయంత్రం ఆరింటికి పోవాల్సిన జాబితాలో ఉంది.

కిందకి దింపుకోబోతే సగంలో ఆగిపోయింది. ఫైలు ముక్కలు ఎక్కడెక్కడున్నాయో పేర్ల మిషనుని అడిగింది. అయిదు ముక్కలు క్షేమం. నాలుగో ముక్క కాపీలు రెండు, కాలిపోయిన మిషన్లలో ఉన్నాయి. చోటు లేక కొత్త కాపీ చేసుకోలేదు. మిగిలింది ఒక్కటి, పదకొండో మిషన్లో. పదకొండోది ముసలిది. దాని డిస్కు వారం రోజులుగా మూలుగుతోంది, వేడెక్కితే చాలు పలకడం మానేస్తోంది.

“తబితగారూ, మీ గదిలో టేబుల్ ఫ్యాను ఒకసారి ఇస్తారా?”

ఫ్యాను పెట్టి, మిషను పక్క రేకు విప్పి, దాని మీద అరచెయ్యి వేసి నిలబడింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది. కాస్త చల్లబడేదాకా ఆగి మళ్ళీ అడిగింది. ఒకటో ముక్క. రెండు. మూడు. నాలుగో ముక్క దగ్గర డిస్కు గట్టిగా మూలిగింది. తబిత తనకేం అర్థం కాకపోయినా మెడలో సిలువ పట్టుకుని నిలబడింది. మూలుగు ఆగింది. అయిదు. ఆరు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చాలాసేపు నీళ్ళే. నాలుగుంబావు దాటాక ఇసుక దొర్లడం పలచబడింది. నాలుగూ నలభైకి పూర్తిగా ఆగింది. పాటు నిలిచింది. అంత నిశ్శబ్దం ఆమె ఆ గదిలో ఎప్పుడూ వినలేదు. అందులోంచి ఒకటి. చెక్క మీద వేలి గోటితో గీసినట్టు, చిన్న గొంతు. ఎక్కడో దానికి జవాబు. తర్వాత పది. తర్వాత లెక్క లేదు. చీకటి నీళ్ళలో ఒక ఊరు మొత్తం మాట్లాడుకుంటూ తనని దాటి పోతున్నట్టు ఉంది. తండ్రి తెడ్డు మీద తల వాల్చి వీటి పైనే కూర్చుని ఉన్నాడన్నమాట, ఆ క్షణాన.

ఏడవాలనిపించింది గానీ గడియారం అయిదు చూపిస్తోంది. ఇంకో సంగతి తట్టింది. తన తండ్రి ఒక్కడేనా? మిగతా ముగ్గురూ అదే ఈడు వాళ్ళు, అవే పల్లెలు. పొద్దు పొడవక ముందు విన్న గుర్తులన్నీ జాబితా తీసింది. రెండు వందల పదకొండు. వాళ్ళు చెప్పేవి ఎక్కువగా రొయ్యలో, ఇంజనో. అవి ఏ రోజు విన్నా ఉంటాయి గనక ఎవరికీ తేడా తెలియలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే గొరకల దగ్గర బయటపడింది. లోకనాథ్ గారికి ఫోను చేసింది.

“ఆరింటికి తీసేయమన్నారు కదండి. తియ్యలేనండి.”

“అదేంటమ్మా! చోటు లేదని మీరే కదా చెప్పారు?”

“ఉంచమన్నవాటిలో ఉట్టివి ఉన్నాయండి. తీసేయమన్నవాటిలో అసలువి ఉన్నాయండి.” జరిగింది చెప్పింది.

“అంటే తెల్లారగట్ల గుర్తులన్నీ ఒక రోజు పక్కకి ఉన్నాయంటారు.”

“ఆయ్. ఒక చిన్న ముక్క పంపించేనండి, వినండి.”

ఆయన విని మళ్ళీ ఫోను చేశారు. గొంతు మారింది. “ఆ రోజు నేనూ నవ్వేనమ్మా,” అన్నారు. తర్వాత పనిలోకి వచ్చారు. “నాలుగు మైకులు ఆపేద్దాం, కాస్త చోటు మిగులుతుంది. పెద్దవాళ్ళు నలుగుర్నీ అడిగి గుర్తులు సరిచెయ్యండి. ఆ తర్వాత ఏం తియ్యాలో మీరే జాబితా పంపండి. సోమవారానికి ఇస్తారా?”

“ఇస్తానండి. పొద్దు పొడిచాకే సోమవారం.”

ఆదివారం ఉదయం పల్లెకి వెళ్ళేసరికి సత్తియ్య అరుగు మీద కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. సూరమ్మ చేపలు తోముతోంది. వీరవేణి హెడ్‌ఫోన్లు తీయబోతే తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

“అయ్యొద్దు. అయ్యి పెడితే నా చెవిలో నా నెత్తురే మోగుతాది.”

వీరవేణి చూరులోంచి తెడ్డు లాగింది. సాలెగూడు తుడిచింది. పిడికిలంత స్పీకరు డబ్బా నేల మీద పెట్టి, ఫోనులో ఆ ఫైలు మోగించి, తెడ్డు రెక్క దాని మీద ఆనించి, పిడి తండ్రి వైపు వంచింది.

“ఏంటే ఇది, నేల మీద తెడ్డేస్తావా?”

“విను నాన్నా.”

విసుక్కుంటూనే చెవి ఆనించాడు. అలవాటుకి కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. వీరవేణి తెడ్డుని నిలకడగా పట్టుకుంది. కర్రలోంచి సన్నటి అదురు ఆమె అరచేతులకి తెలుస్తోంది. సూరమ్మ తోముతున్న చేప తోముతున్నట్టే ఆపేసింది.

“పాటు నిలిచింది,” అన్నాడు సత్తియ్య. ఇంకాసేపటికి చూపుడు వేలు ఎత్తాడు. “ఇదిగో.”

వేలు ఎత్తిన వెనకే వీరవేణి చేతుల్లో కర్ర సన్నగా గీరింది.

మూసిన కళ్ళతోనే సత్తియ్య చెప్పుకుపోయాడు. “ముందు పెద్దయ్యి. ఎనకాల పిల్లలు. ఒకటుంది చూడు, అందరూ అరిచేక తీరిగ్గా అరుస్తాది. మీ అమ్మలాగ.”

“నోరు చూడు,” అంది సూరమ్మ. కళ్ళు తుడుచుకుంది, చేప చేత్తోనే.

సత్తియ్య కళ్ళు తెరిచాడు. “ఏ వారం అని రాసేవు?”

“మంగళవారం, పదిహేడు.”

“సోమవారం కదే, నే చెప్పింది!”

“అదీ రాసేను నాన్నా. నువ్వు చెప్పింది చెప్పినట్టు. రెండూ ఉన్నాయి.”

సత్తియ్య సరేనన్నట్టు తల ఊపాడు. వల పక్కకి తోసి లేచాడు. తెడ్డు ఆమె చేతిలోంచి తీసుకుని పొడుగునా అరచేత్తో నిమిరాడు, పగుళ్ళున్నాయేమోనని. దాన్ని చూరులో పెట్టలేదు. భుజాన వేసుకుని పడవ వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“ఆ యుగంధర్ అబ్బాయిని కూడా ఓరోజు తీసుకురా. పొద్దు పొడవకుండా రమ్మను.”